చేతి వేగం

చవిటిపాలెం హైస్కూలుకి ఆటస్థలం ఉందని ప్రభుత్వం నమ్ముతోంది. ఉన్నదల్లా బడి వెనక గడ్డి కూడా మొలవని ఉప్పునేల, దానికి మూడు పక్కలా రొయ్యల గుంటల కట్టలు, నాలుగో పక్క తుపాను షెల్టరు. షారన్ అక్కడ డ్రిల్లు టీచరుగా చేరిన రోజున హెడ్మాస్టరు పద్మనాభయ్యగారు ఆమెను ఆ నేల దాకా నడిపించుకుపోయి, "పిలకాయలు గుంటల్లో పడకుండా చూసుకోండమ్మా. అంతకు మించి మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు" అని భరోసా ఇచ్చారు.

షారన్‌కి ఆ భరోసా నచ్చలేదు. కావలిలో చదువుకునే రోజుల్లో జిల్లా తరఫున పరుగెత్తిన మనిషి ఆమె. మోకాలు చెడి ఆగిపోయింది గానీ, ఏ పిల్లయినా బాగా పరుగెత్తుతుంటే ఇప్పటికీ కుదురుగా నిలబడలేదు. గీత పక్కన తనూ నాలుగడుగులు వేస్తుంది, పిల్లలు నవ్వితే తనూ నవ్వుతుంది.

అసలు ఎవరూ ఏమీ అడగరన్న మాట కూడా నిజం కాదు. ఫోనులో ఒక ఆప్ ఉంది, అది అన్నీ అడుగుతుంది. ప్రతి పిల్లా ఎంత ఎత్తు, ఎంత బరువు, ఎంతసేపట్లో పరుగెత్తింది, ముందుకు వంగితే వేళ్ళు ఎక్కడిదాకా అందాయి, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడింది, చేతులు ఎంత వేగంగా ఆడాయి, అన్నీ కొలిచి అందులో ఎక్కించాలి. బాగుంటే పచ్చరంగు, బాగాలేకపోతే ఎరుపు. పాలెంలో సిగ్నలు షెల్టరు పైకెక్కితే తప్ప అందదు కాబట్టి షారన్ సాయంత్రాలు ఆ మెట్లెక్కి, గాలికి చున్నీ నోట కరుచుకుని ఎక్కిస్తూ ఉండేది. ఎక్కిస్తున్నకొద్దీ ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. బరువు దగ్గర పిల్లలందరూ ఎరుపే. మిగతా అన్నిట్లోనూ పచ్చే. ఆ ఆప్ లెక్కన ఈ పిల్లలు లేచి నిలబడటమే గొప్ప, వీళ్ళేమో కట్టల మీద గాలిలా పోతున్నారు.

అందరిలోకీ ఎనిమిదో తరగతి బిందు సంగతి వేరు. బిందు తండ్రి చిన్నపోలయ్య పడవ మీద కలాసీ, తల్లి పెంచలమ్మ చేపల గంప మోస్తుంది. ఆ పిల్ల కాళ్ళకు చెప్పులు లేవు, ఒంటి మీద కండ లేదు. విజిల్ ఊదితే మాత్రం ఎదురుగా సముద్రం ఉన్నా ఆగేలా ఉండేది కాదు. చేతులు కూడా అంతే. చేతి వేగం పరీక్షకు బల్ల మీద రెండు పక్కలా రెండు బిళ్ళలు పెట్టి, మధ్యలో ఎడమచెయ్యి కదలకుండా ఉంచి, కుడిచేత్తో ఈ బిళ్ళనూ ఆ బిళ్ళనూ మార్చి మార్చి తట్టాలి. బడికొచ్చిన సామానులో బిళ్ళలు లేవు కాబట్టి షారన్ మధ్యాహ్న భోజనం పళ్ళేలు రెండు బోర్లించింది. బిందు తడుతుంటే ఆ చప్పుడుకి పక్క క్లాసు లెక్కల మాస్టారు లేచి వచ్చి చూశాడు.

షారన్‌కి ఒక్కటే కోరిక పుట్టింది. నెల్లూరులో ఆడపిల్లల క్రీడా హాస్టలుకి ఏటా వానాకాలం మొదట్లో ఎంపికలు జరుగుతాయి. అందులో బిందుకి చోటు దొరకాలి. దొరికితే మూడుపూటలా తిండి, కాళ్ళకు బూట్లు, ఇంటరు దాకా చదువు. ఎరుపు కాస్తా పచ్చబడుతుంది. ఇంటికెళ్ళి చెప్తే పెంచలమ్మ చాటలో బియ్యం ఏరుతూ విన్నది. "పరిగెత్తేదానికి హాస్టలేంది టీచరమ్మా? ఈడ జాగా లేదా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాలేదు ఆమెకి.

చెబితే కాదు, చూపిస్తే నమ్ముతారనుకుంది షారన్. తల్లిదండ్రులందరినీ పిలిచి పిల్లల సత్తా వాళ్ళ కళ్ళముందు పెట్టాలి. తల్లులు ఎప్పుడైనా వస్తారు, తండ్రులతోనే చిక్కు. తెల్లారేసరికి సముద్రం మీద ఉంటారు, వచ్చాక నిద్రలో ఉంటారు. పాలెంలో మగవాళ్ళందరూ పగటిపూట ఒడ్డున కనపడేది ఏడాదికి ఒక్కసారి, ఏప్రిల్ నడిమిలో వేట నిషేధం మొదలయ్యాకే. రెండు నెలలపాటు పడవలు ఇసక మీద బోర్లాపడి ఉంటాయి, మనుషులు వాటి నీడన పేకాడుకుంటూ ఉంటారు. షారన్ సరిగ్గా ఆ వారాన్నే ఎంచుకుంది. ఒడ్డున మగవాళ్ళు ఉన్న రోజులంటే ఇళ్ళలో పొయ్యి వెలగని రోజులని ఆమెకు తట్టలేదు. పద్మనాభయ్యగారికి తట్టిందేమో గానీ ఆయన అనవసరంగా మాట్లాడే మనిషి కాదు.

ఆయన చేసిన సాయం మాత్రం ఒకటుంది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, పిల్లలకు బిస్కెట్లు, బహుమతులు, అన్నీ ఇచ్చే దాతను పట్టుకొచ్చారు. ఆ దాత పేరు కిషోర్ బాబు. అల్లూరు రోడ్డు మీద రొయ్యల తలలు తీసే షెడ్డు ఆయనే చూసుకుంటాడు. తెల్లచొక్కా, మెత్తటి మాట. పిల్లల్ని కూడా మీరు అని పిలిచే రకం.

ఆ రోజు ఎంత బాగా జరగాలో అంత బాగా జరిగింది. పిల్లలు పరుగెత్తారు, వంగారు, కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డారు. తండ్రులు పేకముక్కలు జేబుల్లో దోపుకుని వచ్చి ఈలలు వేశారు. చివర్లో బిందు బల్ల దగ్గర కూర్చుని పళ్ళేల మీద చెయ్యి ఆడిస్తుంటే జనం ఈలలు కూడా మానేసి చూశారు. చిన్నపోలయ్య పక్కవాడి భుజం పట్టుకుని "నా బిడ్డరా" అన్నాడు. పెంచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కిషోర్ బాబు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఏం చెయ్యి మేడం అది! నాకు కనపడనే లేదు" అన్నాడు.

షారన్ పొంగిపోయింది. "చెయ్యి ఒకటేనా సార్! నిలబడమంటే నేను చాలనేదాకా నిలబడే ఉంటది. అలుపనేదే తెలీదు ఈ పిల్లకి" అని మైకులోనే చెప్పింది.

"ఏ వీధమ్మా మీది?" అని అడిగాడాయన బిందుని.

పెద్దవాళ్ళు అడిగితే గొణగకూడదు, తలెత్తి గట్టిగా చెప్పాలని షారనే నేర్పింది. బిందు తలెత్తి గట్టిగా చెప్పింది. తర్వాత షారన్ బాగా చేసిన పిల్లలను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, జనం ముందు నిలబెట్టి, గుండెల మీద పచ్చరిబ్బను గుచ్చింది. కిషోర్ బాబు చేతుల మీదుగా బహుమతులు ఇప్పించింది. బిందుకి మూడు గిన్నెల స్టీలు క్యారియరు వచ్చింది. సంతలో కోడెల్ని కొనేవాళ్ళు కూడా నడిపించి, పళ్ళు పట్టి చూసి నానా తంటాలు పడతారు. ఇక్కడ ఆ తంటా అంతా డ్రిల్లు టీచరే పడి, రిబ్బను కట్టి మరీ చూపించింది.

సెలవులు గడిచి జూన్‌లో బడి తెరిచారు. ఆయాసం పిల్లలు వచ్చారు, నడవలేని పిల్లలు వచ్చారు, పరుగంటే చెట్టు చాటుకు పోయే పిల్లలు కూడా వచ్చారు. పచ్చరిబ్బను పెట్టుకున్న ఆడపిల్లల్లో ఒక్కతీ రాలేదు. షారన్ రెండు మూడు రోజులు చూసి పాలెంలోకి వెళ్ళింది.

పెంచలమ్మ పీట వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. ముఖంలో జంకేమీ లేదు, పైగా సంతోషంగానే మాట్లాడింది. "మీరే గదా టీచరమ్మా నలుగుర్లో నిలబెట్టి చెప్పినారు, నా బిడ్డకి అలుపు లేదని. దాని చేతిలో అంత పనితనం ఉండాదని నాకెట్ట తెలుస్తాది? ఆ సారు మర్నాడే జీపేసుకోని వచ్చినాడు. ఆ పూట మా ఇంట్లో ఎసురు పెట్టలా. దేవుడల్లే వచ్చినాడు."

"అది పదమూడేళ్ళ పిల్లక్కా" అంది షారన్.

"నేను పదేళ్ళప్పుడే గంపెత్తినా. దీనికి ఎండ లేదు, మోత లేదు. నీడపట్టున నిలబడి తలలు తీసేదే గదా."

"మరి బడి? హాస్టలు ఎంపికలు?"

"నిషేధం తీసేయనీండి. మా ఆయన వేటకి పోయిన మర్నాడే పంపిస్తా. గంగమ్మ మీద ఒట్టు."

పెంచలమ్మ అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన ఆమె నిజంగానే పంపిస్తాననుకుంది. నిషేధం తీశారు, పడవలకు పసుపు కుంకుమలు పెట్టారు, వేటకు వెళ్ళారు. వెళ్ళిన పడవలు వెళ్ళినట్టే వట్టి వలలతో తిరిగొచ్చాయి. ఆ వారం కాకపోతే పై వారం అన్నారు. బిందు మాత్రం తెల్లారకముందే జీపెక్కుతూనే ఉంది.

షారన్ హెడ్మాస్టరు దగ్గర కూర్చుని గొడవ పెట్టుకుంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "హాజరు సంగతి నేను చూసుకుంటానమ్మా. మీరు ఆప్‌లో ఆ పిలకాయలకి పోయినేటి లెక్కలే ఎక్కించెయ్యండి. అన్నీ పచ్చగానే ఉండాయి గదా" అన్నారు. షారన్‌కి ఒళ్ళు మండి లేచి వచ్చేసింది. ఎవరికి ఫోన్ చెయ్యాలో కనుక్కుని ఆమే చేసింది. అధికారుల బండి వచ్చింది. బండి కంటే ముందు షెడ్డుకి కబురు వచ్చింది. పిల్లలందరూ గుంటకట్టల మీదుగా ఇళ్ళకు పోయారు, అధికారులు వెళ్ళాక తిరిగొచ్చారు. ఆ సాయంత్రం చిన్నపోలయ్య బడి గేటు దగ్గర నిలబడి, "మా నోటికాడ కూడు తీయబాకండి టీచరమ్మా" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు. తిట్టి ఉంటే ఆమె తట్టుకునేది.

ఎంపికలు వారంలోకి వచ్చాయి. షారన్ ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి స్కూటీ మీద షెడ్డుకే వెళ్ళింది. కిషోర్ బాబు కుర్చీ వేయించి టీ తెప్పించాడు. "మీ పిల్లలు బంగారం మేడం. చదువు మానిపించే మనిషిని కాదు నేను, వాళ్ళంతట వాళ్ళే అమ్మలకి సాయంగా వస్తున్నారు. ఈసారి పోటీలు ఎప్పుడు పెడుతున్నారు? కుర్చీలు ముందే పంపిస్తా" అన్నాడు. ఆమె టీ ముట్టలేదు. ఆయన ఏమీ అనుకోలేదు.

భోజనాల వేళ బిందు బయటికొచ్చింది. చేతిలో అదే క్యారియరు. టీచర్ని చూడగానే ముఖం ఇంత చేసుకుని పరుగున రాబోయి, నడిచి వచ్చింది. కాలివేళ్ళ సందులు నానిపోయి తెల్లగా పాలిపోయాయి, చేతివేళ్ళ కొసలు ఒరుసుకుపోయాయి. రోజంతా ఐసునీళ్ళలో నిలబడటం, ఐసు రొయ్యల్ని పట్టుకోవడం. "ఆదివారం మాకు లేదు టీచర్. వస్తా. పరిగెత్తుతా" అంది గుసగుసగా. షారన్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారం షారన్ చర్చిలో ఆరాధన మానేసింది. ఊహ తెలిశాక ఆమె అలా మానడం అదే మొదలు. దేవుడికి దారిలోనే సంజాయిషీ చెప్పుకుంటూ పొద్దున్నే బడి వెనక ఉప్పునేల మీద సున్నంతో గీత గీసి నిలబడింది. తనకు కొనుక్కున్న కొత్త బూట్లు పిల్ల కొలతకు మార్పించి తెచ్చింది గానీ, బిందు వాటిని ముట్టుకుని చూసి పక్కన పెట్టింది. ఉత్తకాళ్ళతోనే బాగుంటుందంది.

విజిల్ ఊదింది షారన్. పిల్ల ఎప్పటిలాగే దూసుకుపోయింది. ఒక్క క్షణం ఆమెకు అంతా సర్దుకున్నట్టే అనిపించింది, గీత పక్కన నాలుగడుగులు తనూ వేసింది. షెల్టరు దగ్గర మలుపు తిరిగాక బిందు నడక మారింది. పాదం ఎక్కడ పడుతోందో చూసుకుంటూ, చీకట్లో మెట్లు దిగేవాళ్ళలాగా వేస్తోంది. ఇంకొంచెం వచ్చి కట్ట పక్కన కూలబడింది.

షారన్ పరుగెత్తింది. చెడిన మోకాలితోనే పరుగెత్తింది. "నొప్పా అమ్మా?"

"నొప్పి లేదు టీచర్." బిందు తన పాదాలను వేరేవాళ్ళవి చూసినట్టు చూసుకుంటోంది. "నేల తెలియడంలా. ఉండాదో లేదో తెలియడంలా."

షారన్ ఆ పాదాలు ఒడిలోకి తీసుకుని చున్నీతో రుద్దింది. ఎంత రుద్దినా వేడి పుట్టలేదు. ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది. బిందుకి పాపం టీచర్ని ఎలా ఓదార్చాలో తెలియలేదు. కాసేపు ఆలోచించి, "చేతులు మాత్రం ఇంకా స్పీడైనాయి టీచర్. షెడ్డులో నేనే ఫస్టు. హాస్టలోళ్ళు చేతులు చూడరా?" అని అడిగింది.

షారన్ ఆమెను లేపి, నడుం పట్టుకుని స్కూటీ దాకా నడిపించింది. పిల్లను స్కూటీ మీద ఇంటి దగ్గర దింపింది. బూట్లు ఇంట్లో పెట్టి రావాలనుకుని, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచక మళ్ళీ డిక్కీలో వేసుకుంది. ఎంపికల రోజున నెల్లూరికి చవిటిపాలెం నుంచి ఎవరూ వెళ్ళలేదు.

ఆగస్టులో మళ్ళీ కొలతల వేళ వచ్చింది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. కిషోర్ బాబు అన్నమాట ప్రకారం కుర్చీలు పంపించాడు. షారన్ దించవద్దని ఆటో దగ్గర గొడవపడింది, పద్మనాభయ్యగారు దింపించారు. "మనకెందుకమ్మా, కూర్చోడానికే గదా" అన్నారు. షారన్ ఆ కుర్చీలను అలాగే వదిలేసి, కొలతలన్నీ ఆరో తరగతి గదిలో పెట్టుకుంది. తలుపు వేసింది. రోడ్డు వైపు కిటికీలు కూడా మూసి గడియపెట్టింది. ఇకనుంచి ఎవరు ఎంత బాగా చేసినా పైకి చెప్పకూడదనీ, రిబ్బన్లూ చప్పట్లూ ఉండకూడదనీ గట్టిగా అనుకుంది. పిల్లల్లో సత్తువ పెంచడానికి జీతం తీసుకునే మనిషి, ఆ సత్తువ ఎవరి కంటా పడకుండా దాచడానికి గడియలు పెడుతోంది.

కొత్తగా ఆరులోకి వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే బల్ల దగ్గరికి వచ్చారు. ఉక్కగా ఉంది. షారన్ పొడిపొడిగా పని కానిస్తోంది. తర్వాత వచ్చిన పిల్ల ముఖం చూసి ఆగింది. అవే కళ్ళు, అవే ఎండుచేతులు. బిందు చెల్లెలు ధనలక్ష్మి.

విజిల్ ఊదగానే పళ్ళేలు మోగాయి. ఈ పిల్ల చెయ్యి అక్క చేతికంటే వేగంగా ఉంది. గది అంతా నోరు తెరుచుకుని చూస్తోంది. "మెల్లగా అమ్మా" అంది షారన్, "అంత తొందర లేదు. మెల్లగా చెయ్యి." ధనలక్ష్మి వినిపించుకోలేదు. పెదవి కరుచుకుని, కళ్ళు రెప్ప వేయకుండా తడుతూనే ఉంది. ఆపమని విజిల్ ఊదితే గానీ ఆపలేదు.

"అక్క కంటే ఎక్కువొచ్చిందా టీచర్?" అని అడిగింది ఆయాసపడుతూ.

"లేదు" అంది షారన్. పిల్లలకు అబద్ధం చెప్పడం ఆమెకు అలవాటు లేదు, అయినా చెప్పింది. "చాలా తక్కువ వచ్చింది. నీకు రాదులే. పోయి కూర్చో."

పిల్ల ముఖం వాడిపోయింది. కదల్లేదు. "ఇంట్లో రోజూ చేస్తుండా టీచర్, పళ్ళేలు బోర్లేసుకోని. అక్క పక్కన ఒక జాగా ఖాళీ అయ్యిందంట. చెయ్యి స్పీడుగా ఉంటేనే పెట్టుకుంటారంట. అక్క తెల్లారకముందే పోతాది, నేను నిద్రబోయినాక వస్తాది, ఇప్పుడు ఆదివారాలు కూడా పోతాది. నేను అక్కని చూసి శానా దినాలైంది." గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అంది. "ఇంకొక్కసారి టీచర్. ఈసారి బాగా చేస్తా. ఆ సారుకి మీరు చెప్తే చాలంట, మా అమ్మ చెప్పింది."

షారన్ తలుపు వైపు చూసింది. గడియ వేసే ఉంది. విజిల్ నోట్లో పెట్టుకుంది. ఊదకుండానే తీసేసింది.

ధనలక్ష్మి ఎడమచెయ్యి బల్ల మధ్యలో పెట్టుకుని కాసేపు ఎదురుచూసింది. టీచర్ ఊదేలా లేదని తెలిశాక, విజిల్ లేకుండానే మొదలుపెట్టింది.